మామ వేలు చూపిన చోటల్లా

ఆ రోజుల్లో మా కోయంబత్తూరు మిల్లు కార్మికుల ఇళ్ల లైన్లలో మెల్లగా మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండేవారు కాదు. చారెడు ఉప్పు అడగాలన్నా, ఎవరికీ చెప్పకూడని రహస్యం చెప్పాలన్నా కేకలే. చెవులు హోరెత్తే మగ్గాల షెడ్డులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చినవాళ్లకు గొంతు తగ్గించడం ఎలాగో గుర్తుండేది కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రెండూ ఒకే స్థాయిలో. అంత గోలలో ఎవరికి వినపడుతుందో ఎవరికి వినపడదో పట్టుకోవడం నావంటి తెలివైనవాడి వల్ల కూడా కాలేదు. (తెలివైనవాణ్ణని నేనే అనుకునేవాణ్ణి. ఐ.టి.ఐ. పాసై, తుడియలూరులో పంపులు చేసే వర్క్‌షాపులో చేరి మూడు నెలలయింది మరి.)

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఇరవై ఏళ్లు మగ్గాల దగ్గర పనిచేసి, ఆ తర్వాత మిల్లు పికప్ వ్యానుకు డ్రైవరయ్యాడు. ఇంజన్‌లో ఎక్కడైనా గాలి లీకైతే, రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస ఇంజన్ మీద అక్కడా ఇక్కడా తిప్పి, ‘ఇక్కడ దా’ అని వేలు పెట్టేవాడు. (‘ఇక్కడే’ అని. ఆ ‘దా’ మా తెలుగులో కలిసిపోయిన తమిళం.) ఆ వేలు తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు. నాకు ఇంజన్ల పిచ్చి పట్టించింది ఆ వేలే.

అలాంటి మామ వ్యాను ఒక వారంగా మొరాయిస్తోంది. పరుగులో బాగానే ఉండేది, నిలబెడితే చాలు, వణికి వణికి ఆగిపోయేది. మిల్లు గేటు దగ్గర కొత్త మేనేజరు కారుకు అడ్డంగా రెండుసార్లు ఆగిపోయింది. శనివారం పొద్దున తనే వచ్చి చూస్తాననీ, అప్పుడూ ఆగిపోతే బండి అమ్మేసి డ్రైవరును ఇంటికి పంపేస్తాననీ ఆయన చెప్పేశాడు. మామ రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. “నేనుండగా నీకు భయమేమి మామా?” అని నేను మాట ఇచ్చేశాను. ఆ వయసులో మాట ఇవ్వడం నాకు మహా తేలిక.

శుక్రవారం సెలవు పెట్టి బానెట్ ఎత్తాను. కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య ఎక్కడో సందు పడింది, అందులోంచి ఇంజన్ దొంగగాలి పీలుస్తోంది. అంతవరకు నా చదువు సరిగ్గానే చెప్పింది. ఎక్కడ అన్నదే చిక్కు. స్టార్టు చేస్తే సన్నగా బుస్సుమనే చప్పుడు, అడుగు వైపు నుంచే వస్తున్నట్టు వినిపించింది. అయినా మామ ఉండగా నా చెవులు ఎవడిక్కావాలి? గొట్టం ఆయనకిచ్చాను. ఆయన కళ్లు మూసుకుని, తల పంకించి, పైనున్న జాయింటు చూపించాడు. “ఇది దా మాప్పిళ్ళె. విప్పు.” (తమిళంలో అల్లుడి పిలుపు అది. మా ఇళ్లలో మేనల్లుడికీ అదే.) విప్పి బిగించాను. బుస్సు అలాగే ఉంది. మళ్లీ గొట్టం, మళ్లీ వేలు. ఈసారి కార్బురేటరు. దాన్నీ విప్పి, కడిగి, బిగించాను. మూడోసారి, ఇంజన్ గాలి పీల్పుతో తిరిగే వైపరుకు వెళ్లే సన్నగొట్టం. “కింద నుండి గదా వస్తా ఉండాది మామా” అని బానెట్‌లో తల దూర్చి గొణిగాను. ఆయన ఆ సన్నగొట్టం మీదే వేలు ఆనించి ఉంచాడు. గురువులు శిష్యుల్ని ఇలాగే పరీక్షిస్తారు కాబోలనుకున్నాను. మధ్యాహ్నానికి నేను విప్పనిది హారను ఒక్కటే.

శుక్రవారం తలంటుకుని ఇల్లంతా సాంబ్రాణి పొగ చూపి, చివర్న బండికీ చూపడం మా అత్తకు వాడుక. అన్నం పెట్టేది అదే కాబట్టి దానికీ పొగ దక్కాలని ఆమె న్యాయం. ఇంజన్ నడుస్తుండగానే, ఎర్రటి నిప్పులున్న పాత్ర పట్టుకుని తెరిచిన బానెట్ దగ్గరికి వచ్చేసింది. “అత్తా! పెట్రోలు! నిప్పు!” అని వీధి అదిరేలా అరిచాను. పక్కింటివాళ్లు తొంగి చూశారు. బండికి అవతల, నాకు వీపు పెట్టి చేతులు తుడుచుకుంటున్న మామ మాత్రం తిరగలేదు.

అత్త నా ముఖం చూసింది. “అరవొద్దురా. ఆయనకి వినపడదు. రెండేండ్లాయె” అంది, మా లైన్లలో నేనెన్నడూ వినని మెల్లని గొంతుతో. “పెదాలు చూసి దా మాట్లాడతా ఉండారు. పని పోతాదని ఎవురికీ చెప్పలే. నీకు చెప్తే, ఆయన్ని అంత పెద్దగా చూస్తావే, అది పోతాదని భయం.”

ఆమెను చూడలేక ఇంజన్ వైపు తిరిగాను. అప్పుడు కనిపించింది. పైకి లేవాల్సిన సాంబ్రాణి పొగ పక్కకు వంగి, కార్బురేటర్ నుంచి ఇంజన్‌లోకి వెళ్లే ఇనుప గొట్టం అడుగున, జాయింటు సందులోకి సన్నగా దూరిపోతోంది. పొద్దున నా చెవి చెప్పిన చోటే. ముందు నిప్పుల పాత్రను దూరం పంపాను. తర్వాత వర్క్‌షాపుకు సైకిలు తొక్కి, పంపుల జాయింట్లలో సందు లేకుండా పెట్టే గాస్కెట్ షీటు ముక్క ఒకటి అడిగి తెచ్చాను. మామా నేనూ కలిసి దాన్ని కొలతకు కోసి, పొద్దుగూకే లోపల బిగించాం. ఇంజన్ స్టార్టు చేసి, మామ నా పెదాల వైపే చూస్తూ అడిగాడు. “బుస్సు పోయెనా?” ఆయన నన్ను అలా అడగడం అదే మొదలు. “పోయింది మామా” అన్నాను, ముఖం ఎత్తి, నిదానంగా.

శనివారం మామతో నేనూ వెళ్లాను. గేటు దగ్గర వ్యాను బుద్ధిగా నిలబడి నడుస్తూనే ఉంది. కానీ మేనేజరు అంతటితో వదలకుండా మామను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. మేనేజరు వెనక చేరి, మగ్గాల షెడ్డులో చేసుకునే చేతి సైగలు నాకు తెలిసినవన్నీ (తెలిసినవి మూడు) ఊపుతూ, నోరు బారెడు తెరిచి ఆయన అడిగే ప్రతి మాటా చప్పుడు లేకుండా పలికాను. మామ అన్నిటికీ సరిగ్గా జవాబిచ్చాడు. మేనేజరు తలూపి వెళ్లిపోయాడు. కాపాడింది నేనేనని ఇంటిదాకా వ్యానులో మామ పక్కన ఛాతీ విరుచుకునే కూర్చున్నాను.

ఇంటి ముందు బండి ఆపి మామ పగలబడి నవ్వాడు. “ఏమిరా, నేను ఆయన పెదాలు చూసేదా, నీ చేతులు చూసేదా? రెండు తూర్లు తప్పు చెప్పేట్లయింది!”

సిగ్గుతో చచ్చిపోయాను. “ఒక కన్ను కొట్టుంటే ఆపేసుంటా గదా మామా!”

“ఎందుకు ఆపేది?” అన్నాడు మామ. నవ్వు ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. “ఊపనీ అనుకుంటి. రెండేండ్లుగా ఒంటిగా దా మోస్తా ఉంటిని. వెనక ఒకడు ఉండాడని తెలిసె గదా.”

ఇప్పుడు నేను మామ అప్పటి వయసు దాటాను. గేటు దగ్గర నోరు తెరుచుకుని చేతులూపిన ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడు ఎదురైతే మాత్రం, చేతులు దింపమని చెప్పను.