మా అత్త హార్మోనియంలో పలకని మెట్టు

మా మేనత్త పోయిందని మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చిన పొద్దున, సూర్యాపేటలో మా ఇంట్లో ఆమె హార్మోనియం మీద మడతపెట్టని బట్టల కుప్ప ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక్కడి నుంచి నేను చాలామందిని తిట్టబోతున్నాను. ఆ వరసలో మొదట నిలబడాల్సింది నేనే.

ఫోన్ చేసింది అత్త కోడలు. నేను ఆమెను అక్కా అంటాను. "చెల్లె, అత్తమ్మ లేదే" అన్నది. "పొద్దుగాల కుక్కర్ పెట్టి కూసున్నది. మూడు కూతలైనా లేస్తలేదు. ఐదైనయి, ఆరైనయి. ఏందా అని పోయి సూస్తె గోడకు ఒరిగి ఉన్నది. దవాఖానకు తీసుకపోయేదాంక కూడ ఆగలే."

ఆ మూడు కూతల సంగతి మీకు చెప్పాలి. అత్త పుట్టింది చివ్వెంల పక్క పల్లెలో. మా తాత భజన మండలి నడిపేవాడు. అది మూతపడ్డాక మిగిలిన హార్మోనియం పెట్టె అత్తకు దక్కింది. బడిలో సంగీతం తెలిసిన సారు ఒకాయన ఆమెకు పాటలు నేర్పడం మొదలుపెట్టాడు. ఐదు పాటలు పూర్తయి, ఆరోది సగంలో ఉండగా ఆయనకు బదిలీ అయింది. "ఆరోది ఎట్ల ఖతమైతదో ఆ సారుకే ఎరుక" అని నవ్వేది అత్త. జీవితమంతా ఆ ఐదున్నర పాటలే ఆమె ఆస్తి.

పెళ్ళయి మిర్యాలగూడ వచ్చాక ఇద్దరు పిల్లలు, మంచంలో అత్తగారు, పొద్దున్నే టిఫిన్ కట్టించుకుని రైస్ మిల్లుకు పోయే మామ. ఆ ఇంట్లో ఆమెదంటూ ఒక గంట లేదు. అప్పుడు ఆమె ఒక కిటుకు కనిపెట్టింది. కుక్కర్ పొయ్యి మీద ఉన్నంతసేపు ఆడమనిషి వంట చేస్తున్నట్టే లెక్క, ఎవరూ పిలవరు. వంటింట్లో బియ్యం బస్తా మీద పెట్టె పెట్టుకుని, ముందు పీట వేసుకుని, మొదటి కూత నుంచి మూడో కూత దాకా వాయించేది. ఆ కాసేపు కూడా చాలక మంట తగ్గించేది. అప్పుడు కూతలు ఆలస్యంగా వచ్చేవి, పావుగంట దొరికేది. ఆ ఇంట్లో అన్నం ముప్పై ఏళ్ళుగా మెత్తగానే ఉండేది. మెత్తగా ఉందని రోజూ విసుక్కున్నారు కానీ, ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఆమె గొప్పగా వాయించేది అని నేను అబద్ధం చెప్పను. వేళ్ళు తడబడేవి. ఒక్కోసారి మూడో కూత వినబడగానే పాట మధ్యలో వదిలేసి లేచి, పొయ్యి కట్టేసి, మళ్ళీ అక్కడి నుంచే అందుకునేది. "కుక్కర్ శ్రుతిల లేదు బిడ్డా, ఏం చేస్తం" అనేది. పైగా పెట్టెలో ఒక మెట్టు పలికేది కాదు. నట్టనడుమ, ప్రతి పాటలోనూ తగిలే పంచమం. నొక్కితే ఉత్త గాలి. ఆ మెట్టు వచ్చినప్పుడల్లా అత్త ఆ స్వరాన్ని నోటితో అనేది. పెట్టె, పెట్టె, పెట్టె, నోరు, మళ్ళీ పెట్టె. చిన్నప్పుడు నేను హార్మోనియం అంటే అట్లాగే వాయిస్తారనుకున్నాను.

వేసవి సెలవులకు పోయినప్పుడు నాకూ నేర్పింది. రెండు పాటలు వచ్చాయి. తర్వాత చదువు, టీచర్ ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. "మంచిగ వస్తలేదు అత్తా, అందుకే బంద్ చేసిన" అన్నానొకసారి. ఆమె చేతిలో గంటె ఉంది. అది నా మీదికి వస్తుందేమో అనుకున్నాను.

"అన్నం మాడిందని తెల్లారి వండుడు బంద్ చేస్తమా? మంచిగ వచ్చినంక వాయిస్త అంటే, సచ్చినంక వాయించాలె ఇగ."

ఇంట్లోవాళ్ళు ఆమెను ఆపలేదు. ఆపితే తగువు పెట్టుకోవచ్చు. వాళ్ళు నవ్వారు. "షురువైంది కచేరి" అని మామ రోజూ ఒకే హాస్యం. బావ, అంటే ఆమె కొడుకు, ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునే రోజుల్లో ఫోన్ మాట్లాడుతూ వంటింట్లోకి తొంగిచూసి, "అమ్మా, జర మ్యూట్ల పెట్టుకో" అన్నాడు. పక్కన నేనూ ఉన్నాను. మంచి జోకేనని నేనూ నవ్వాను. ఆమె కూడా నవ్వి, మంట ఇంకాస్త తగ్గించింది.

ఇప్పుడు నా సంగతి. పోయిన దసరా సెలవుల్లో మిర్యాలగూడ వెళ్ళినప్పుడు ఆ మెట్టు బాగు చేయిస్తానని నేనే ఎగబడ్డాను. కోదాడలో ఒకాయన చర్చీలకూ భజన మండళ్ళకూ పెట్టెలు బాగుచేస్తాడని విన్నాను. అక్కడి నుంచే ఫోన్ చేస్తే, "తీసుకురండమ్మా, పది నిమిషాల పనండీ. మీరు టీ తాగేలోపు చేసిచ్చేస్తాను" అన్నాడు. అత్త ఆ రోజు పెట్టెను పాత దుప్పటిలో చుట్టి, చంటిపిల్లను ఇచ్చినట్టు నా కారులో పెట్టింది. "జల్ది తేవాలె" అన్నది. నా దగ్గర ఆమె ఏదైనా అడగడం అదే మొదలు.

ఎనిమిది నెలలు. పిల్లల పరీక్షలు, ఎన్నికల డ్యూటీ, ఇంటికి రంగులు. ఆదివారాలు రాలేదనకండి, వచ్చాయి. ఒకసారి కోదాడకే పెళ్ళికి పోయాను, కారులోనే పోయాను. పెట్టె వెనక సీట్లో పెడితే పట్టుచీరల కవర్లు నలుగుతాయని ఇంట్లో వదిలేసి పోయాను. ఆ చీర రంగు కూడా నాకు గుర్తుంది. నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అత్త ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఫోన్‌లో పిల్లల గురించి అడిగేది, మోకాళ్ళ గురించి చెప్పేది, పెట్టేసేది. పెట్టె లేదు కాబట్టి వాయించడం మానేసిందనుకున్నాను. దహనం అయిన సాయంత్రం వంటింట్లో అక్క చెప్పింది.

"నువ్వు పెట్టె తీసుకపోయినంక గూడ ఒక్కరోజు ఇడిసిపెట్టలే. గా బస్తా మీదనే వేళ్ళు ఆడిచ్చుకుంట పాడేది. అత్తమ్మా, పెట్టె లేదు కదా అంటే, పెట్టె లేకుంటే దినం ఆగుతదా అన్నది."

బస్తా అక్కడే గోడవారగా ఉంది. నేను దాని మీద చెయ్యి వేసి ఏడ్చాను. ఏడిస్తే కోపం తగ్గుతుందంటారు. తగ్గలేదు.

తగ్గకపోగా వీధిలోకి వస్తే ఫ్లెక్సీ కనబడింది. అత్త ఫోటో, కింద 'సంగీత ప్రియురాలు', పక్కన ఈ కొస నుంచి ఆ కొస దాకా వీణ బొమ్మ. ఆమె జన్మలో వీణ ముట్టలేదు. "బావా, ఈ వీణ ఎక్కడిది?" అని అడిగాను. "ఫ్లెక్సీ కొట్టినోళ్ళే పెట్టిండ్రు, మంచిగనే ఉంది గదా" అన్నాడు. ముప్పై ఏళ్ళు తల్లి వాయించిన పెట్టె ఏదో కొడుకుకు గుర్తులేదు. వచ్చినవాళ్ళందరూ దాని కిందే నిలబడి, ఎంత కళ ఉండెనో ఆమెకు అని తలలూపారు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. మా వైపు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడతారు. కాకి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. డాబా మీద విస్తరి వేశారు. మటన్, గారెలు, చేపల పులుసు, పరమాన్నం. చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది. అవి మామకు ఇష్టమైనవి, బావకు ఇష్టమైనవి. ఆమె వండగా వీళ్ళు తిన్నవి. ఆమెకు ఏమిష్టమో అంతమందిలో ఎవరికీ తెలియదు.

కాకి వచ్చి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుంది. దిగలేదు. "ఇంటిని మంచిగ సూసుకుంటమే, వచ్చి ముట్టు" అని ఒకరు, "మనవరాలి పెండ్లి చేస్తమే" అని ఒకరు దండం పెట్టారు. దిగలేదు. "ఏం కోరిక మిగిలెనో" అని ఎవరో అన్నారు. అంతే, నేను కిందికి దిగి కారులోంచి పెట్టె తెచ్చాను. ఫోన్ వచ్చిన పొద్దున బట్టల కుప్ప కింది నుంచి తీసి కారులో వేసుకొచ్చిన, బాగుచేయించని పెట్టెను, అదే దుప్పటిలో. విస్తరి ముందు పెట్టి తిత్తి కదిలించగానే ఆ చప్పుడుకు కాకి లేచిపోయింది.

"అయ్యో, పిట్టను కొట్టినట్టు చేస్తివి!" అని అందరూ నా మీద పడ్డారు. పోతే పోనీ అన్నాను. మర్యాదగా అనలేదు.

నాకు వచ్చిన రెండు పాటల్లో మొదటిది ఎత్తుకున్నాను. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి, నాలుగు తప్పులు దొర్లాయి. నడిమి మెట్టు నొక్కాను. గాలి. అక్కడ నోటితో అనాల్సింది, అనలేదు. రెండో చరణంలో మళ్ళీ నొక్కాను. మళ్ళీ గాలి. మూడోసారి నొక్కినప్పుడు ఆ స్వరం వినబడింది. సన్నగా, సరిగ్గా, ఎంత కావాలో అంత. తల ఎత్తి చూస్తే అంటున్నది మామ.

చెయ్యి ఆగిపోయింది. "నీకు వచ్చా మామా?"

"ముప్పై ఏండ్లు ఇన్న బిడ్డా. రాకుంట ఎట్లుంటది?"

"మరి ఆమె ఉన్నప్పుడు ఒక్కనాడన్న అనకపోతివి. కచేరి కచేరి అని నవ్వితివి." అంతమంది ముందు అరిచాను. నా ఎనిమిది నెలలు గుర్తున్నా అరిచాను.

ఆయన విస్తరి మీద ఈగలు తోలుతూ, "ఆపకు, వాయించు" అన్నాడు.

నేను ఆయనను క్షమించలేదు. నన్నూ క్షమించుకోలేదు. తిత్తి అందుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఎదురుగా మామ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నా వేళ్ళు తడబడుతూ ఆ మెట్టు దగ్గరికి ఇంకా చేరకముందే, ఆయన నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాడు.