బావ మాట్లాడని మధ్యాహ్నం

తిరువళ్ళూరు ఆస్పత్రిలో నా డ్యూటీ ఉదయం ఎనిమిదికి మొదలైంది. రెండో అంతస్తు, మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. ఎండ సూటిగా పడుతుంది. తెర లేదు. నాకిచ్చిన కుర్చీకి ఒక కాలు పొట్టి. మార్చమన్నాను, మార్చలేదు. ఆ వార్డుబాయ్ ముఖం ఇంకా గుర్తుంది.

మంచం మీద బావ, మా అక్క మొగుడు. ఆర్.కె.పేటలో మగ్గం నేస్తాడు. చక్కెర జబ్బు, కాలిపుండు, జ్వరం. రాత్రంతా కాసిన అక్క స్నానానికి ఇంటికి బయలుదేరింది. నర్సు మా ఇద్దరికీ చెప్పింది: “ఆయన మామూలుగా ఎట్లుంటాడో మాకు తెలీదు, మీకే తెలుసు. తేడాగా అనిపిస్తే పిలవండి. అనుమానమైనా సరే.”

నాకిది కొత్త ఉత్తర్వు కాదు. సైన్యంలో ఉన్నప్పుడు మంచుకొండ మీద మా పోస్టులోనూ ఇదే. జతగాడి మాట తడబడినా, ఆగిపోయినా వెంటనే చెప్పాలి. మా రేడియో ఆపరేటర్ చిత్తూరు వాడు. రోజూ సాయంత్రం అడిగేవాడు: “నీ జతగాడు ఈ పొద్దు నిన్ను తిట్టినాడా?”

“తిట్టినాడు.”

“అయితే బాగుండాడు. ఓవర్.”

బావ మీద నాకు పాత కోపం. నేను రిటైరై వచ్చిన ఏడు, కనకమ్మ సత్రంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నన్ను చూపించి అన్నాడు: “మా మిలిట్రీ యుద్ధం చేసింది క్యాంటీన్‌లోనే.” పంక్తి అంతా నవ్వింది. ఆ తర్వాత కనిపించినప్పుడల్లా అదే ఎకసెక్కం. నేను మరవలేదు.

ఒంటిగంటకు ఇడ్లీ తెచ్చాను. “బావా, తింటావా?” నన్ను చూశాడు. గోడవైపు తిరిగాడు. నా చేతి కూడు వద్దనుకున్నాడు, సరే అనుకున్నాను. నీళ్ళు కూడా అడగలేదు. ఊపిరి వేగంగా ఆడుతోంది. వేళ్ళు దుప్పటి మీద కదులుతున్నాయి. చూశాను. నర్సు పక్క మంచం దాకా వచ్చి పోయింది. నేను పిలవలేదు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను.

మూడున్నరకు అక్క వచ్చింది.

“ఏమన్నాడు మీ బావ?”

“నాతో యాడ మాట్లాడతాడు? మొగం తిప్పుకున్నాడు.”

“నిన్ను జూసి క్యాంటీన్ అనలేదా?”

“లేదు.”

సంచి అక్కడే పడేసి, ఆయన భుజం తట్టి లేపింది. బావ ఆమెను ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. అక్క నర్సు బల్ల దగ్గరికి పరిగెత్తింది.

“సిస్టర్, ఈయన ఇట్లుండే మనిషి కాదు. పొద్దున కాఫీ అడిగి తాగినాడు. ఇప్పుడు నన్నే గుర్తు పట్టలేదు. రొప్పతా ఉండాడు. రాండి.”

బీపీ పడిపోయింది. డాక్టరు వచ్చాడు. ఐసీయూకి తోసుకెళ్ళారు.

“ఎప్పట్నించి ఇలా?” అని డాక్టరు అడిగాడు. అక్క నా వైపు చూసింది.

“ఒంటిగంట,” అన్నాను. ఆయన గడియారం చూశాడు.

బావ బతికాడు. మూడు వారాలకు వేన్‌లో ఇంటికి తెచ్చాం. తిరుత్తణి కొండ కనిపించగానే అక్క చేతులు జోడించింది. నావల్ల కాలేదు. “క్యాంటీన్ టీ దొరకతాదా, మిలిట్రీ?” అన్నాడు బావ, సన్నటి గొంతుతో. ఆయనకు ఆ మధ్యాహ్నం గుర్తు లేదు.

ఇప్పుడు ఆయన చేతులు వణుకుతాయి. మగ్గం మీద తెగిన పోగులు అక్కే ముడేస్తుంది. ఆ మధ్యాహ్నం గురించి ఆమె నన్ను ఇంతవరకూ ఒక మాట అనలేదు. అని ఉంటే, దాన్ని గుర్తుపెట్టుకునేవాణ్ణి.

నాకు మిగిలింది ఆ వేళ్ళే. దుప్పటి మీద లేని పోగును వెతికి, ముడేసి, మళ్ళీ వెతుకుతూ.