చుక్కలరాయుడికి ముద్ద పెట్టినవాళ్ళు

పొలాన్ని సోలార్ పార్కుకు కౌలుకిచ్చాక లక్ష్మక్క చేతులకు పని లేకుండా పోయింది. తిరుమణి అవతల ఆమె పెళ్ళై వచ్చిన నాటి నుంచి చెనక్కాయ విత్తి, కలుపు తీసి, చెట్టు పెరికిన ఎర్రనేలంతా ఇప్పుడు నల్లటి పలకల కింద ఉంది. కంచె ఇవతల నిలబడి చూస్తే తమ గట్టు ఎక్కడుండేదో కూడా గుర్తు దొరకదు. దానికి ఆమె ఏడ్చిందీ లేదు, ఎవరినీ తిట్టిందీ లేదు. వానలు మొహం చాటేసిన ఏళ్ళు చాలా చూసిన మనిషి. కొడుకు తిప్పేశ్‌కు ఆ పలకల మధ్యనే కరెంటు పని దొరికింది కూడా. కాకపోతే కోడికూతకు లేచే అలవాటు మాత్రం ఆమెను వదల్లేదు. లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గేసి, ఇంక ఏమీ తోచక అరుగు మీద కూర్చునేది. ఇరుగుపొరుగు ఎవరింట్లో చింతపండు ఉంటే అది తెచ్చుకుని గింజలు తీసిపెట్టేది.

కోడలు వినుత పావగడలో డిగ్రీ చదివింది. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివిందంతా కన్నడమే కాబట్టి ఆమెకు తెలుగు అక్షరాలు రావు. అందుకే తను అల్లిన కథలను రాయదు, చెబుతుంది. సాయంత్రం పూట పొయ్యి దగ్గర కూర్చుని కూతురు ధనుశ్రీకి చెబుతూ, ఫోన్‌లో రికార్డు చేసి తన ఛానల్లో పెడుతుంది. సరిహద్దుకు ఇటు కన్నడ రాష్ట్రంలోని పావగడ పల్లెల్లోనూ, అటు తెలుగు రాష్ట్రంలోని మడకశిర పల్లెల్లోనూ వాటిని వినే పిల్లలు తయారయ్యారు.

ఆమె కథల్లో వీరుడి పేరు చుక్కలరాయుడు. సూర్యుడు చల్లారిపోయిన లోకాలకు వెలుగు మోసుకుపోతుంటాడు. అతని ఓడ తెరచాపలు ఎండను తాగి బతుకుతాయి. అతను పుట్టిన ఎర్రలోకం ఎప్పుడో మండిపోయింది. మిగిలింది అతనొక్కడే.

ఒకరోజు సాయంత్రం రాయుడు మంచులోకాన్ని కాపాడాడు. అక్కడి జనం విందు పెడతామంటే వద్దని ఓడ ఎక్కేశాడు. అరుగు మీద నుంచి లక్ష్మక్క కేకేసింది.

"ఉండమ్మీ. తినకుండానే పాయెనా? ఇంతకీ వాడు ఎవురి బిడ్డ?"

"వాని లోకం కాలిపాయె గదత్తా. ఎవురూ లేరు."

"ఇప్పుడు లేరు, సరే. పసిబిడ్డప్పుడు? ముద్ద పెట్టినోళ్ళు ఎవురు? నడక నేర్పినోళ్ళు ఎవురు?"

వినుత నవ్వింది. "వీరులంటే అట్లే ఉంటారత్తా. వెనకాముందూ ఎవురూ ఉండరు."

"అట్లెట్ల ఉంటారు? అంత ఓడ నడిపేటోడు ముందు చెంబు పట్టుకునేది నేర్చుకోలేదా?"

ధనుశ్రీ ఆ మాటను పట్టుకుంది. రాయునికి అమ్మ లేదా, జేజి లేదా అని తల్లి ప్రాణం తీసింది. మర్నాడు పొద్దున చింతపండు ముందేసుకుని కూర్చున్న లక్ష్మక్కే, ఎవరూ అడక్కుండా, "వానికి ఒక అత్త ఉండె" అంది.

వినుత ఫోన్ తెచ్చి ఆమె పక్కన పెట్టింది.

అలా మొదలైంది. అసలు కథ పక్కన పిల్లకథల్లా, చుక్కలరాయుడి చిన్నతనం కథలు లక్ష్మక్క గొంతులో వచ్చాయి. మొదటి కథలో ఎర్రలోకంలో ఒక కొత్తకోడలు ఉంటుంది. పసిబిడ్డను ఎలా ఎత్తుకోవాలో కూడా తెలియని పిల్ల. ఆడబిడ్డ కాన్పై చనిపోతే ఆ బిడ్డను తెచ్చి ఆమె ఒళ్ళో పెడతారు. బిడ్డ ఏ పాలూ తాగడు. చివరికి గుడ్డను వత్తిలా చేసి మేకపాలలో ముంచి నోటికి అందిస్తే చీకుతాడు.

చెబుతూ చెబుతూ లక్ష్మక్క ఆగి, "ఆ లోకంలో మేకలు ఉంటాయా?" అని అనుమానంగా అడిగింది.

"నువ్వు ఉండాయంటే ఉంటాయత్తా."

"అట్లయితే ఉండాయి. ఆకాశంలో చందమామలు రెండు పెట్టుకో. మేక మాత్రం ఉండల్ల."

రెండో కథలో రాయుడు గోడకున్న ఎర్రమన్ను గీకి తింటాడు. అత్త నోట్లో వేలు పెట్టి తీస్తే ఆ వేలు కొరుకుతాడు. మూడో కథలో వాడికి నిద్ర పట్టాలంటే అత్త చెవి తమ్మె పట్టుకోవాలి. కమ్మ గుచ్చుకుంటుందని ఆమె రోజూ పొద్దుగూకేసరికి కమ్మలు తీసి గూట్లో పెట్టేస్తుంది. చందమామలు రెండూ కిందికి దిగేదాకా ఆ పిల్లవాడు చెవి వదలడు.

ఆ మూడో కథ వినేసరికి వినుతకు అర్థమైంది. అది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ ఎత్తని సంగతి. లక్ష్మక్క పెళ్ళైన ఏడాదే ఆమె ఆడబిడ్డ ఈరక్క పుట్టింటికి కాన్పుకు వచ్చింది. మగబిడ్డను కని, జ్వరం తగిలి చనిపోయింది. అప్పటికి లక్ష్మక్కకు పిల్లలు లేరు. తిప్పేశ్ పుట్టింది చాలా తర్వాత. ఆ బిడ్డకు అమర్‌నాథ్ అని పేరు పెట్టిందీ, సాకిందీ ఆమే. బిడ్డ తండ్రి బైలప్పది మంగళవాడ. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని, పిల్లవాడికి బడి ఈడు వస్తుండగా, కొత్త భార్య తిప్పమ్మను వెంటబెట్టుకుని వచ్చి కొడుకును తీసుకుపోయాడు. తండ్రి బిడ్డను తీసుకుపోతే కాదనేదేముంది? లక్ష్మక్క వాడికి తలంటి, కొత్త చొక్కా తొడిగి, తిప్పమ్మను చూపించి "అమ్మా అను" అని చెప్పింది. వాడు అనేదాకా చెప్పింది.

తర్వాత వాడిని పెళ్ళిళ్ళలో, జాతరల్లో చూసేది. మొదటిసారి చూసినప్పుడు వాడు తిప్పమ్మ కొంగు వెనక దాక్కుని, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ఆ రోజు ఇంటికొచ్చి భర్త పెద్దతిమ్మప్పతో "పిల్లోడు బాగా కుదురుకున్నాడు" అని చెప్పి, దొడ్లోకి వెళ్ళి చాలాసేపు గంగాళం తోముతూ కూర్చుంది.

ఇప్పుడు అమర్‌నాథ్ పావగడకూ వై.ఎన్.హొసకోటకూ మధ్య తిరిగే ప్రైవేటు బస్సుకు డ్రైవరు. పెళ్ళీడుకొచ్చిన కూతురుంది. ఎప్పుడైనా వస్తే "బాగుండావా అత్తా" అంటాడు. కాఫీ తాగి వెళ్తాడు. పసితనంలో ఈ ఇంట్లో ఉన్నాడని అతనికి తెలుసు. అంతకుమించి తెలియదు.

"ఇవన్నీ అమర్‌నాథ్ అన్నకే చెప్పొచ్చు గదత్తా?" అని వినుత అడిగింది.

"ఎట్ల చెప్పేదమ్మీ? పెంచినామె తిప్పమ్మ. సవితితల్లి అని ఊళ్ళో ఎవురితోనూ ఒక మాట పడకుండా సాకింది. నేను పోయి, నీకు పాలు పట్టినా, నడక నేర్పినా అని నిలబడితే ఆమె మనసు ఏం కావల్ల? ఆ పేరు ఆమెది. నేను దాంట్లో చెయ్యి పెట్టకూడదు." మళ్ళీ అంది, "చుక్కలరాయునికి చెప్తే ఎవురికీ నొప్పి లేదు."

కానీ ఫోన్లో పెట్టిన మాట ఒక ఇంట్లో ఆగేది కాదు. అమర్‌నాథ్ కూతురు ప్రతిభ ఆ కథలను మంగళవాడలో తన జేజి తిప్పమ్మకు వినిపించింది. వారం తిరక్కుండానే ఒక పొద్దున, లక్ష్మక్క ఇంటి ముందు తిప్పమ్మ నిలబడింది. ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చేతిలో సంచి నిండా, చెట్టు నుంచి అప్పుడే తెంపిన పచ్చి చెనక్కాయలు.

"రా తిప్పమ్మా, చెప్పా పెట్టకుండా..." అంటూ లక్ష్మక్క లేచింది.

తిప్పమ్మ అరుగు మీద కూర్చుని, సంచి మధ్యలో గుమ్మరించింది. మంచినీళ్ళు తాగింది. అప్పుడు అడిగింది.

"వదినా, ఆ కథలో రాయుడు మా అమర్‌నాథే గదా?"

లోపల నుంచి వింటున్న వినుత గడప దగ్గరే ఆగిపోయింది.

"తప్పయింటే ఏమనుకోవద్దమ్మా," అంది చివరికి లక్ష్మక్క. "యాడా వాని పేరు చెప్పలేదు. నీ పేరు తగ్గేటట్ల ఒక్క మాటా..."

"నా పేరు సంగతి కాదు వదినా." తిప్పమ్మ తన చెవి తమ్మె తాకి చూపించింది. "చెవి సంగతి. నాకెందుకు చెప్పలేదు?"

"చెవి సంగతా?"

"పిల్లోన్ని తోలుకుపోయిన దినం నాకు పిల్లల సంగతి ఏం తెలుసు? నేనే చిన్నపిల్లను. పండుకుంటే చాలు, నా చెవి కోసం చెయ్యి చాపుతాడు. కమ్మ పట్టుకుని గుంజుతాడు. నేనంటే పడక గుంజుతాండాడు అనుకుంటి. చేతి మీద కొడితి గూడా. వాడు ఏడవడు వదినా. గోడ తట్టు తిరుగుకుని పండుకుంటాడు. ఎన్ని దినాలు అట్ల పాయెనో. ఒక దినం జ్వరంతో ఉండి మళ్ళీ చెయ్యి చాపితే, పోనీలే, గుంజుకో అని ఇడిసిపెడితి. అంతే, పట్టుకుని నిద్రపాయె. అప్పుడు కదా నాకు బిడ్డ అయినాడు."

తిప్పమ్మకు నొప్పి కలగకూడదనే లక్ష్మక్క ఇన్నేళ్ళూ నోరు కట్టుకుంది. ఆ మౌనం ఒక పసివాడిని గోడవైపు తిప్పిందని, ఒక చిన్నపిల్లను అన్ని రోజులు బెదరగొట్టిందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

"నేను అమ్మా అనమని చెప్తినే గానీ," అంది మెల్లగా, "వాడెట్ల నిద్రపోతాడో నీకు చెప్పల్ల అని తోచలేదమ్మా."

"నేనూ ఒకటి దాచినా," అంది తిప్పమ్మ. "మొదట్లో అత్త యాడ, అత్త యాడ అని అడుగుతాండె. నీకు తెలిస్తే వచ్చి తోలుకుపోతావేమో అని ఎవురికీ చెప్పలేదు. జాతరలో నువ్వు కనపడితే కొంగు కప్పి పట్టుకుంటి. వాడు దాక్కోలేదు వదినా. నేను దాచినా."

ఆ మాట విని లక్ష్మక్క కన్నీళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. తిప్పమ్మ దగ్గరికి జరిగి ఆమె చేయి పట్టుకుంది. తర్వాత ఎవరు మొదలుపెట్టారో, మధ్యలో కుప్పగా ఉన్న కాయలు వలవడం మొదలైంది. వినుత వచ్చి వాళ్ళకు కాఫీ ఇచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తిప్పమ్మే అడిగింది. "నడక ఎప్పుడొచ్చె వానికి? కథలో అది చెప్పలేదే."

"మన చేన్లోనే. సాలు మధ్యలో నిలబెట్టి నేను ఆపక్క కూర్చుంటి. చెట్లు పట్టుకుని పట్టుకుని వచ్చె. వచ్చి నా మీద పడల్ల గదా, పడలేదు. నన్ను దాటుకుని పాయె!"

తిప్పమ్మ పకపకా నవ్వింది. "ఇప్పుడూ అంతే వదినా. ఎవురన్నా పిలిస్తే ఆగుతాడా?"

ఈ మాటలు వినుత రికార్డు చేస్తుందని ఇద్దరికీ తెలుసు. తెలిసే చెప్పారు. నాలుగో కథ అలా తయారైంది. అందులో చుక్కలరాయుడికి అత్తతో పాటు అమ్మ కూడా వచ్చింది. పచ్చడి ముద్ద ఇష్టమా, బెల్లం ముద్ద ఇష్టమా అన్న దగ్గర ఇద్దరికీ వాదన పడింది. ఎర్రలోకం గురించి ఒకరు, మంగళవాడ గురించి ఒకరు మాట్లాడుతుంటే, బడి నుంచి వచ్చిన ధనుశ్రీ ఏది కథో ఏది కాదో తెలియక తల్లి వైపు చూసింది. తర్వాత నిలదీసింది.

"అమ్మా, ఎర్రలోకం కాలిపోతే ఈ జేజులిద్దరూ ఏమైతారు?"

వినుత నాలుక కరుచుకుంది. ఆ లోకాన్ని మండించేసింది తనే. "కాలిపోలేదులే," అంది. "పొగ కమ్ముకుంటే రాయుడు అట్ల అనుకున్నాడు. ఓడ ఎనక్కి తిప్పుతాడు, చూడు."

పొద్దు వాలుతుండగా అమర్‌నాథ్ తల్లిని తీసుకుపోవడానికి బైకు మీద వచ్చాడు. డ్యూటీ దిగి అలాగే వచ్చాడు, ఖాకీ చొక్కా భుజం మీద దుమ్ము. అరుగు మీద ఇద్దరినీ చూసి, "ఏందిమా, పొద్దున్నుంచి ఈడే ఉండావంట?" అన్నాడు.

"కూర్చోప్పా," అంది తిప్పమ్మ. "నీ కథే జరుగుతాండాది."

"తెల్సులేమా. ప్రతిభ నాకూ వినిపించింది." అతను కూర్చోలేదు. బైకు తాళం వేళ్ళ మధ్య తిప్పుతూ లక్ష్మక్క వైపు చూశాడు. "నాకేమీ గుర్తు లేదత్తా. ఎంత ఆలోచన చేసినా ఒక్కటీ రాలేదు."

"గుర్తుండేదానికి నువ్వెంతోడివప్పా అప్పుడు," అంది లక్ష్మక్క. "గుర్తు పెట్టుకునే పని మాది."

అతను తల వంచుకుని, చెప్పులు విడిచి, అరుగెక్కి వాళ్ళిద్దరి మధ్య ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, బస్సులో జనాన్ని గదమాయించే మనిషి, వలిచిన పప్పులు గుప్పెడు తీసుకుని పిల్లాడిలా ఒక్కొక్కటే తింటూ, "చెప్పండి మరి. పోయేదానికి తొందరేం లేదు" అన్నాడు.

లక్ష్మక్క దగ్గర ఉన్నవి అయిపోయాయి. అత్త పిల్లవాడికి తలంటి కొత్త చొక్కా తొడిగిన చోట ఆమె కథ ఆగిపోతుంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకు తెలియదు. నలభై ఏళ్ళకు దగ్గరగా ఎవరినీ అడగలేదు కూడా. తిప్పమ్మ కొంగు సర్దుకుని, కాళ్ళు మడుచుకుని కూర్చుంది. వినుత ఫోన్ ఆమె దగ్గరికి జరిపింది.

"రాయుడు ఇస్కూలుకు పోయిన మొదటి దినం," అని మొదలుపెట్టింది తిప్పమ్మ, "పలక పట్టుకుని వాకిట్లో నిలబడి, ఒక్కటే పట్టు. నేను గూడా లోపలికి వచ్చి పక్కన కూర్చోవల్లంట."

"ఊఁ," అంది లక్ష్మక్క.