‘అయితది’ అన్నాక ఆగిన కంప్యూటర్

2021. రెండో లాక్‌డౌన్ ఎత్తేసి నెలన్నర దాటింది. నల్లగొండ క్లాక్ టవర్ వెనక సందులో నా కంప్యూటర్ రిపేరు షాపు. అప్పటికి ఆ పనిలో నాకు పదేళ్లు. అయినా కొత్తగా వచ్చినవాళ్లు గడపలో నిలబడి తొంగిచూసి, మెకానిక్ లేడా అమ్మా అని అడిగేవాళ్లు. నేనే మెకానిక్‌ను అంటే చేతిలోని సంచిని ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాళ్లు. అందుకే నాకో అలవాటు పడింది. ఎవరేం అడిగినా వెంటనే “అయితది” అనేదాన్ని. పక్క షాపాయన “చూసి చెప్త” అంటే జాగ్రత్తపరుడంటారు. అదే మాట ఆడది అంటే పని రాదంటారు. ఆ మంటతో నేర్చుకున్న మాట అది. ఒక శనివారం ఆ మాటే నన్ను నిలువునా ముంచబోయింది.

ఆ రోజు పొద్దున్నే నర్సింహన్న వచ్చాడు. చండూరు దగ్గర ఓ పల్లె ఆయనది, నేతపని కుటుంబం. మోకాళ్లు పాడై మగ్గం దిగినప్పటి నుంచి కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీస్తాడు. ఆయన గీసిన గ్రాఫు చూసే ఆ ఊళ్లో నూలుకు చిటికి కడతారు. అంటే, రంగు అంటకూడని చోట దారంతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. గ్రాఫు లేనిదే చిటికి లేదు, చిటికి లేనిదే మగ్గం ఆడదు.

సీపీయూ డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దాన్ని కొన్నది 2016లో. కొత్త డిజైన్ పెద్దదవడంతో గ్రాఫు సగంలోనే ఆగిపోతోందట. ఎవరో చెబితే హైదరాబాద్ పోయి, సెకండ్‌హ్యాండ్‌లో ఒక ప్రాసెసర్ తనే కొనుక్కొచ్చాడు.

“చెల్లె, మా బోర్డు మీద పదకొండు యాభై ఒకటి అని రాసున్నది. గీ ప్రాసెసర్ గూడ పదకొండు యాభై ఒకటే. అయితదా?”

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూటిని సాకెట్ అంటారు. 1151 అన్నది అందులోని పిన్నుల లెక్క. నేను చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుతూ, తల కూడా ఎత్తకుండా అన్నాను.

“అయితది.”

పాతది తీశాను, కొత్తది పెట్టాను. చక్కగా కూర్చుంది. స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది. మానిటర్ మీద మాత్రం ఏమీ రాలేదు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. కేబుల్ మార్చాను. బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాను. ముప్పావు గంట గడిచింది. స్క్రీన్ నల్లగానే ఉంది. నర్సింహన్న స్టూలు మీద కూర్చుని నా చేతుల్నే చూస్తున్నాడు. నాకు చెమటలు పడుతున్నాయి గానీ ముఖం మీద మాత్రం ధీమా తగ్గనివ్వలేదు.

బోర్డు పాతది కదా, బోర్డు కూడా మార్చేద్దాం అన్నాను తేలిగ్గా. ఆయన దిగ్గున లేచాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను అమ్మినవాళ్లు దాన్ని ఆ మదర్‌బోర్డుకు తాళం వేసి ఇచ్చారు. వేరే బోర్డు మీద అది తెరుచుకోదు. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఐదేళ్ల డిజైన్లన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. మొదటి లాక్‌డౌన్ నుంచి ఆ ఊళ్లో పదకొండు మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. ఏడాదిన్నర తర్వాత ఒక ఆర్డరు వచ్చింది. సోమవారం పొద్దుటికల్లా గ్రాఫు చేతికి రాకపోతే ఆ ఆర్డరు వేరే ఊరికి పోతుంది.

“పదకొండు ఇండ్లు నా మొఖం చూస్తున్నయి చెల్లె. బోర్డు జోలికి పోకు,” అన్నాడు.

అప్పుడు, అప్పుడు మాత్రమే, పొద్దున్నే చేయాల్సిన పని చేశాను. ప్రతి మదర్‌బోర్డుకూ దాన్ని తయారుచేసిన కంపెనీ సైట్‌లో సపోర్ట్ లిస్ట్ ఉంటుంది. ఏ ప్రాసెసర్లు ఆ బోర్డు మీద పనిచేస్తాయో పేరుపేరునా రాసి ఉంటుంది. ఆయన తెచ్చింది ఎనిమిదో తరం ప్రాసెసర్. ఆ బోర్డు లిస్టులో ఆరో తరం, ఏడో తరం మాత్రమే ఉన్నాయి. పిన్నుల లెక్క ఒకటే, కానీ కొన్ని పిన్నులు చేసే పని మారిపోయింది. అందుకే కూర్చుంటుంది, లేవదు. ఈ సంగతి నేను విననిది కాదు. చూడలేదు, అంతే. నా మీద నాకే అసహ్యం వేసింది.

తప్పు నాదే, చూడకుండా చెప్పాను అని ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన ఆ ప్రాసెసర్‌ను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. మగ్గంలో పోగులు దూర్చే దువ్వెన లాంటి దాన్ని వాళ్లు అచ్చు అంటారు. దానికీ నంబర్లుంటాయి.

“నంబరు ఒక్కటే అని పోగు లావుది ఎక్కిస్తే అచ్చుల కదలది, తెగుతది. గీ ముచ్చట మా ఇంట్ల చిన్నపిల్లలకు గూడ ఎరుకే. ఎరుకుండి గూడ నంబరు చూసి మోసపోయిన,” అన్నాడు.

ఆయన పాతదానికంటే వేగమైన ఆరో తరం ప్రాసెసర్ కోసం ఊరంతా ఫోన్లు చేశాను. మహబూబ్‌నగర్‌లో తెలిసినతన్ని కూడా అడిగాను. దొరకలేదు. మా ఊళ్లోనే రామగిరిలో ఒకాయన దగ్గర ఏడో తరానిది ఉందంటే స్కూటీ మీద పోయి తెచ్చాను. అయితే లిస్టులో దాని పక్కన ఒక షరతు ఉంది. ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి. బయోస్ అంటే స్విచ్ వేయగానే బోర్డును నిద్రలేపే చిన్న ప్రోగ్రాం. పాత ప్రాసెసర్ తిరిగి పెట్టి, పెన్‌డ్రైవ్‌తో ఆ ప్రోగ్రాంను కొత్తగా రాయాలి. ఐదారు నిమిషాల పని. కానీ ఆ ఐదారు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. అలా చచ్చినదాన్ని లేపే సాధనం నాకు తెలిసి నల్లగొండలో ఎవరి దగ్గరా లేదు.

మధ్యాహ్నం నుంచి గాలివాన. కరెంటు వస్తోంది, పోతోంది. మూడింటికి వాన తెరిపి ఇచ్చింది. ఇంకో అరగంట ఆగి చూశాను, కరెంటు నిలబడింది. నా యూపీఎస్ బ్యాటరీ పాతది, ఎంతసేపు ఆపుతుందో దానికే తెలియాలి. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగిపోయాను. నా పాత నాలుక “అయితది” అనబోయింది. గట్టిగా మింగేశాను.

“అన్నా, ఒక్క మాట. నడుమల కరెంటు పోతే బోర్డు మళ్ల లేవది. అయితదో కాదో నేను చెప్పలేను.”

“ఇంతకుముందు చేసినవా ఇది?”

“చేసిన. గిసుంటి వాన రోజు చెయ్యలే.”

ఆయన లేచి గడప దాకా పోయి మబ్బు చూసి వచ్చాడు. బయట చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

“పొద్దుగాల అయితది అన్నవ్, కాలే. గిప్పుడు చెప్పలేను అంటున్నవ్. సరే, గిప్పుడు చెయ్యి,” అన్నాడు.

ఎంటర్ నొక్కాను. పది శాతం. ఇరవై. ముప్పై ఎనిమిది దగ్గర ట్యూబ్‌లైటు ఆరిపోయింది, సీలింగ్ ఫ్యాను ఆగింది. యూపీఎస్ కుయ్యిమని మొదలుపెట్టింది. బ్యాటరీ మీద మానిటర్ కూడా నడుస్తోంది. దాన్ని ఆపితే బోర్డుకు ఇంకాస్త సేపు కరెంటు మిగులుతుంది. కానీ ఆపితే లోపల ఏమవుతోందో మాకు కనపడదు. మానిటర్ ప్లగ్గు పీకేశాను.

ఆ చీకటి షాపులో ఇద్దరం గుడ్డివాళ్లలా కూర్చున్నాం. నేను చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న ప్రార్థన మొదలుపెట్టి రెండో వాక్యం మర్చిపోయాను. నర్సింహన్న పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను, కాదు. పోగులు లెక్కపెట్టినట్టు అంకెలు లెక్కపెడుతున్నాడు. యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా పడుతోంది. ఆయన రెండు వందల పది దాటాడు. డబ్బాలోని ఫ్యాను ఒక్కసారిగా ఆగింది. మళ్లీ తిరిగింది. లోపలి నుంచి సన్నగా ఒకే ఒక్క బీప్, అప్‌డేట్ పూర్తయి బోర్డు మళ్లీ లేచిందన్న గుర్తు. బోర్డు బతికింది. అర నిమిషానికి యూపీఎస్ కూడా ఆగిపోయింది.

కరెంటు ఐదున్నరకు వచ్చింది. ఏడో తరం ప్రాసెసర్ పెట్టాను. తెర వెలిగింది. కానీ సాఫ్ట్‌వేర్ తాళం ప్రాసెసర్‌ను కూడా చూస్తుందేమో, నాకు తెలియదు. ఆ మాటా ఆయనతో చెప్పాను. ఆయనే మౌస్ పట్టుకుని తెరిచాడు. గడియారం గుర్తు తిరిగింది, తిరిగింది. ఆ తర్వాత ఎర్ర అంచు, నల్ల గళ్లు, నడుమ చిలకల వరుస తెర నిండా పరుచుకున్నాయి. గ్రాఫు చివరిదాకా ఆగకుండా వచ్చింది. నర్సింహన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నేను లోపలికి పోయి కుళాయి విప్పి ఏడ్చాను.

అప్పటి నుంచి లిస్టు తెరవకుండా నేను ఏ ప్రాసెసర్‌నూ ముట్టుకోలేదు. బోర్డు పేరు, దాని రివిజన్ నంబరు, బయోస్ వెర్షన్, ఈ మూడూ చూశాకే నోరు తెరుస్తాను. “చూసి చెప్త” అంటే పక్క షాపుకు పోయేవాళ్లు పోయారు. పోనీ.

పోయిన ఏడాది వాళ్ల ఊరి నుంచి ఒకామె పాత సీపీయూ పట్టుకుని వచ్చింది. గడపలో ఆగలేదు, మెకానిక్ లేడా అని అడగలేదు. నేరుగా లోపలికొచ్చి ఒక గ్రాఫు కాగితం ముక్క నా ముందు పెట్టింది. బోర్డు పేరు, రివిజన్, బయోస్ వెర్షన్, గడికో అక్షరం చొప్పున పొందికగా రాసి ఉన్నాయి. కింద నర్సింహన్న చేతిరాతలో ఒకే వాక్యం.

“చెల్లె, అయితదని చెప్పకు, చూసి చెప్పు.”