మెషిన్ చదవని వరస

నరసరావుపేటలో మా నెట్ సెంటరుకు ఉన్నది ఒకటే ఫోను లైను. దానికి ఒక మోడెం, మోడెం వెనక లినక్స్ ఎక్కించిన పాత మెషిన్, ఆ మెషిన్ వెనక నాలుగు కంప్యూటర్లు. నలుగురూ ఆ ఒక్క తీగ మీదే నెట్ చూసేవాళ్ళు. ఇప్పుడు నేను ఇళ్ళకు ఫైబర్ లాగించే పని చేస్తున్నాను. ఈ సంగతి చెబితే నా దగ్గరి కుర్రాళ్ళు పడీ పడీ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

సెంటరు నాదీ భాయ్‌దీ. భాయ్ అసలు రేడియోలు, టీవీలు బాగుచేసే మెకానిక్, నాకంటే పదేళ్ళు పెద్ద. డిగ్రీ చదివానన్న పొగరుతో ఆయనకు పాఠాలు చెప్పేవాణ్ణి. రూటింగ్ టేబుల్ అంటే ఏందని ఒకసారి అడిగాడు. నెట్‌లో వచ్చే ప్రతి ప్యాకెట్‌కూ, అంటే ప్రతి సమాచారపు ముక్కకూ, ఎటు పోవాలో చెప్పే పట్టిక అని పావుగంట వివరించాను. అంతా విని, బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ అన్నమాట అన్నాడు. అంతకంటే బాగా నేను ఈనాటికీ ఎవరికీ చెప్పలేకపోయాను.

సెట్టింగులు రాసే ఫైళ్ళలో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరసను మెషిన్ చదవదు. అది తర్వాత ఆ ఫైలు తెరిచే మనిషి కోసం. ఈ ఏర్పాటు భాయ్‌కు భలే నచ్చింది. మెషిన్‌లో కూడా మనుషులకు కాస్త చోటు వదిలారే అని మురిసిపోయాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాసి, ఏది ఎందుకు మార్చాడో గుర్తు పెట్టుకునేవాడు. నేను ఒక్కటీ రాసేవాణ్ణి కాదు. అన్నీ నాకు గుర్తుంటాయనే ధీమా.

భాయ్ వాళ్ళ నాన్న గురజాలలో, కూతురి ఇంట్లో ఉండేవాడు. నాపరాళ్ళు కోసే ఫ్యాక్టరీలో బతుకంతా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆ ఎండాకాలానికి మంచం దిగడం లేదు. ఏదైనా అయితే చెయ్యమని భాయ్ వాళ్ళకు ఇచ్చిన నంబరు మా సెంటరుదే. ఇంకో ఫోను లేదు. నెట్ నడుస్తున్నంతసేపూ బయటి నుంచి చేసేవాళ్ళకు ఎంగేజ్ వస్తుంది. అందుకే ఐదు నిమిషాలు ఎవరూ ఏమీ చూడకపోతే మెషిన్ తనంతట తనే లైను వదిలేసేలా ఆయన పట్టుబట్టి పెట్టించాడు. ఫైలులో ఐడిల్ అనే మాట, పక్కన మూడు వందలు, అంటే మూడు వందల సెకన్లు.

"ఐదు నిమిషాలకన్నా మనోళ్ళ ఫోను లోపలికి రావాల గదా తమ్ముడూ" అన్నాడు.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజు. పదకొండు గంటలకు వదులుతారని పేపర్లో వేశారు. అలాంటి రోజున అన్ని సెంటర్లవాళ్ళూ ఒకేసారి డయల్ చేస్తారు, ఒకసారి లైను తెగితే మళ్ళీ దొరకడం మన చేతిలో ఉండదు. పొద్దున ఏడింటికే వెళ్ళి డయల్ చేశాను. దొరికింది. దొరికినదాన్ని వదలబుద్ధి కాక మూడు వందలు కొట్టేసి సున్నా పెట్టాను. సున్నా పెడితే మెషిన్ ఇక లైను వదలదు. భాయ్‌కు చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. ఆయన వచ్చి, ముందు బల్లలు సర్ది, ప్రింటరు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాలుగు గంటలపాటు ఆ తీగ మీద ఏమీ నడవలేదు. ఉత్తినే పట్టుకుని కూర్చున్నాను.

పదకొండు నుంచి జనం విరగబడ్డారు. ఒంటిగంటప్పుడు ఆ గుంపును తోసుకుంటూ భాయ్ బావ లోపలికి వచ్చాడు. గురజాల బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా అంతా తడిసిపోయింది.

"ఏంది మీ ఫోను? పొద్దున ఏడున్నర కాణ్ణుంచి చేస్తన్నాం. ఎప్పుడు చేసినా ఎంగేజే. మామకి బాలేదు, నిన్ను అడుగుతుండాడు" అన్నాడు.

భాయ్ నా వైపు చూడలేదు. మోడెం మీద వెలుగుతున్న దీపాలను ఒకసారి చూసి, చెప్పులేసుకుని బావతో బస్టాండుకు వెళ్ళిపోయాడు. వాళ్ళు చేరేసరికి పెద్దాయన పోయి గంటన్నర అయిందట.

కబురు తెలిసి నేనూ వెళ్ళాను. ఖబరస్తాన్‌లో ఒక పక్కగా నిలబడి ఉంటే భాయ్ చెయ్యూపి పిలిచి, వాళ్ళతోపాటు నా చేత కూడా మూడు గుప్పిళ్ళు మట్టి వేయించాడు. ఆ మట్టి ఇంకా ఎండకు కాలుతూనే ఉంది. బయటికొచ్చాక వాళ్ళ బావ నాతో పొద్దున జరిగిందంతా చెప్పాడు. కొడుకు గొంతు వినాలని పెద్దాయన ఒకటే గొడవ పెడితే, పక్కింటివాళ్ళ ఫోనును వైరుతో సహా గోడ మీదుగా లాగి ఆయన చెవి దగ్గర పెట్టారట. ఆ ఎంగేజ్ మోతను ఆయన చానాసేపు విన్నాడట.

"'పన్లో ఉండాడు లే, విసిగించమాకండి. దుకాణం బాగా నడుస్తన్నట్టుంది' అన్నాడు. అంతే, మళ్ళీ మాట్టాళ్ళేదు" అన్నాడు బావ.

ఆ మోత నేను పెట్టిన సున్నా అని అక్కడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. పిరికివాణ్ణి.

మూడు రోజులు సెంటరు తియ్యలేదు. ముందే వెళ్ళి ఆ సున్నాను మార్చెయ్యాలని రోజూ అనుకున్నాను. అది తప్పు దిద్దుకోవడానికి కాదు, భాయ్ కంట పడకుండా ఉండటానికి. తాళం తియ్యడానికి చెయ్యి రాలేదు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికే భాయ్ సెంటరు తీసి, ముందు బల్ల మీద ఒక రేడియో విప్పుకుని కూర్చున్నాడు. నేను లోపలికి పోయి, చప్పుడు కాకుండా ఫైలు తెరిచాను.

ఐడిల్ పక్కన మూడు వందలు ఉంది. దాని పైన హ్యాష్ గుర్తు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కొత్త వరస ఉంది.

"ఫోను ఖాళీగా ఉండాల. దీన్ని మార్చమాక తమ్ముడూ."

ఆ ఫైలు తెరిచేది మేమిద్దరమే. టీ చెప్పనా అని ముందు నుంచి అడిగాడు. చెప్పమన్నాను. దాని గురించి ఆయన ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. నేనూ చెప్పలేదు.

సెంటరు మూసేదాకా ఆ అంకెను నేను ముట్టుకోలేదు. ఫోను చాలాసేపు ఖాళీగానే ఉండేది. గురజాల నుంచి మాత్రం మళ్ళీ మోగలేదు.