మేస్త్రీకి కొన్న కప్పు

తాండూరులో మా బండల పాలిష్ యూనిట్ మేస్త్రీకి ఆ రోజు విడిగా ఒక ప్లాస్టిక్ కప్పు కొన్నాను. అదే నా తప్పు. తనకు హెచ్ఐవీ ఉందని ముందురోజే ఆయన నన్ను నమ్మి చెప్పాడు.

ఏళ్ల తరబడి రోజూ తొమ్మిదింటికి మిషను ఆపి, మాత్ర మింగి, "దొంగను పండబెట్టిన, ఇగ సిపాయిలు హుషారుగుంటరు" అనేవాడు. దొంగంటే బీపీ అనుకునేవాణ్ణి.

నెలరోజులుగా మాస్కు లేకుండా దగ్గుతున్న నేనే, మహా శుభ్రతాపరుడిలా ఆ కప్పు అందించాను.

ఆయన నవ్వాడు. "చాయ్ గ్లాసుతోని నా రోగం నీకు రాదు సారూ. నీ దగ్గు టీబీదైతే రోగంతోని కొట్లాడే నా ఒంట్ల సిపాయిలే పరేషానైతరు. జర చూపిచ్చుకో."

మర్నాడే వికారాబాద్ వెళ్లి తెమడ పరీక్షకిచ్చాను. టీబీ లేదని తేలాక పనిలోకి వచ్చి, తొమ్మిదింటికి ఆయన తాగి పెట్టిన గ్లాసులోనే చాయ్ పోయించుకున్నాను.