గుండుసామి మీద సున్నం గీత

ఎవరైనా దయ్యం సంగతి చెబితే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఆ సమయంలో అక్కడ ఇంకెవరున్నారు? చాలా కథలు అక్కడితో ఆగిపోతాయి. నేను దయ్యాలను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మడం లేదు. ఆహార పదార్థాల్లో కల్తీని తేల్చే పరీక్షశాలలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. పసుపు నమూనా నా బల్ల మీదికి రాని వారం ఉండదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలని మనవి. నా తప్పు ఎంతటిదో అప్పుడే అర్థమవుతుంది.

ఉద్యోగం కాక నాకొక వ్యాపకం ఉంది. పాత జర్మన్ నౌకాదళపు ఫిరంగి గుండ్లను గుర్తించడం, వీలైతే సేకరించడం. గుండు అంటే బంతి కాదు. మొనదేలిన ముక్కున్న ఉక్కు స్తంభం, దాని కింది భాగంలో రాగి పట్టీ. ఫిరంగిలోంచి దూసుకుపోయిన గుండైతే ఆ పట్టీ మీద ఏటవాలు గాట్లు పడి ఉంటాయి.

ఫలక్‌నుమాలో లేత్ పని చేసే ఖాజా భాయ్‌కి నా వ్యాపకం తెలుసు. రెండేళ్ల కిందట ఆయనే చెప్పాడు, యాకుత్‌పురాలో గేటు బిగించడానికి వెళ్లిన ఇంట్లో అలాంటిదొకటి చూశానని. ఆ ఇల్లు రైల్వే ఉద్యోగి యాదగిరిది. ఆయన, భార్య సుజాత, ఇద్దరు ఆడపిల్లలు. వాకిట్లో చిన్న గద్దె మీద, అడుగుభాగం సిమెంటులో పాతుకుని, ఒళ్లంతా పసుపుతో నిలబడి ఉంది ఆ గుండు. వాళ్లు దాన్ని గుండుసామి అని కొలుస్తారు. యాదగిరి ముత్తాత మద్రాసు రేవులో కూలికి పోయి, తిరిగొస్తూ దుప్పట్లో చుట్టి తెచ్చాడట.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక జర్మన్ నౌక మద్రాసు మీద గుండ్లు కురిపించిన మాట నిజం. ఇది వాటిలో ఒకటేననడానికి ఇంటివాళ్ల మాట తప్ప ఆధారం లేదు. కానీ అడ్డుకొలత నూట ఐదు మిల్లీమీటర్లు. పసుపు తుడిస్తే కిరీటం, దాని కింద ‘ఎం’ అక్షరం కనబడ్డాయి. జర్మన్ చక్రవర్తి నౌకాదళపు ముద్ర అది. సిమెంటుకు పైన కనిపిస్తున్న రాగి పట్టీ మీద గాట్లున్నాయి. ముక్కు కొనలో, గుండును పేల్చే ఫ్యూజ్ ఉండవలసిన చోట ఉత్త రంధ్రం.

ఇల్లు పడగొట్టి కట్టబోతున్నారు కాబట్టి గుండును నాకు ఇచ్చేయడానికి యాదగిరి ఒప్పుకున్నాడు. ఆయన అడిగింది ఒకటే.

“పిల్లలు దీని సుట్టే ఆడుకుంటరు సార్. లోపల మందు గిట్ల లేదు కద?”

రంధ్రంలోకి తీగ దించాను. వేలెడు లోతులో మెత్తగా తగిలింది. గీరితే పసుపుపచ్చ పొడి వచ్చి రంధ్రం అంచు మీద రాలింది. వందేళ్లుగా పూజ చేస్తున్న పసుపు లోపలికి జారి గడ్డకట్టిందనుకున్నాను. వాసన చూశాను, కర్పూరం, పసుపు. “ఖాళీయే, పూచీ నాది” అన్నాను. ఖాజా భాయ్ మర్నాడు ఉదయం పది గంటలకు డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి సిమెంటు పగలగొట్టేట్టు మాటయింది.

ఇంటికెళ్లి సబ్బుతో చేతులు కడిగాను. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబారాలి. నా వేళ్ల మీది మరక ఎర్రబారలేదు. చూశాను. పట్టించుకోలేదు. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగా ఉంది.

మర్నాడు నేను వెళ్లేసరికే ఖాజా భాయ్ వచ్చి మిషన్‌కు వైరు తగిలిస్తున్నాడు.

“రండి సార్, మీ జర్మన్ అల్లుడు లేస్తలేడు. నాలుగు దెబ్బలేస్తే ఆడే దిగొస్తడు!”

సుజాత నవ్వలేదు. “సార్, ఈ సున్నం మీరు పెట్టిండ్రా నిన్న?” అని అడిగింది.

గుండు ఒంటి మీద బొటనవేలంత వెడల్పున ఒక సున్నం గీత, కింది నుంచి పైకి, రంధ్రం అంచు దాకా ఉంది. ఇంకా తడిగా ఉంది. ఒంటికి రాసిన పసుపు మీద ఆ గీత ఎర్రగా మారింది. పసుపుకు సున్నం తగిలితే ఎరుపెక్కుతుందని ఏ ఇంట్లోనైనా తెలుసు. కానీ అంచు మీద, నేను గీరి తీసిన పొడి దాకా వచ్చాక, అదే గీత పసుపుపచ్చగానే ఉండిపోయింది.

రాత్రి సబ్బుకు ఎర్రబారని నా వేళ్లు గుర్తొచ్చాయి. ఆ పొడి పసుపు కాదు.

ఖాజా భాయ్ అప్పటికే మిషన్ మొనను గద్దెకు ఆనించాడు. నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

“నిన్న ఖాళీ అన్నరు కద సార్, గిప్పుడు ఏమైంది?”

“నిండుగా ఉంది భాయ్. ముట్టుకోకు.”

మిషన్‌ను నేల మీద ఎంత మెల్లగా పెట్టాడో చెప్పలేను.

పోలీసులు వచ్చి గల్లీ ఖాళీ చేయించారు. బాంబు నిర్వీర్య దళం గుండును ఇసుక నింపిన బండిలో తీసుకెళ్లి ఊరి బయట పేల్చేసింది. లోపల ఉన్నది పిక్రిక్ ఆమ్లమని తరువాత చెప్పారు. పసుపు రంగులో ఉండే పాతకాలపు పేలుడు మందు. వందేళ్లయినా దాని బలం తగ్గలేదు.

ఇక నా ప్రశ్న: అక్కడ ఇంకెవరున్నారు? రాత్రంతా వాకిలి గేటుకు లోపల తాళం ఉంది. ఇంట్లో నలుగురే. నలుగురి వేళ్లూ, ఖాజా భాయ్ వేళ్లూ చూశాను, ఎవరికీ సున్నం లేదు. ఇంట్లోనే సున్నం లేదు. పాన్ వేసుకునే మనిషి ఒక్కరే ఉండేదట, యాదగిరి తల్లి నర్సమ్మ. ఆమె పోయి నాలుగేళ్లు. సున్నం డబ్బీ అప్పుడే పారేశానని సుజాత చెప్పింది.

నర్సమ్మ ఆకుకు రాయగా మిగిలిన సున్నాన్ని వాకిలి స్తంభానికి తుడిచేది. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. ఆమె బొటనవేలికి కత్తిపీట గాటు ఉండేదట, అందుకే ప్రతి గీత మధ్యలో సన్నటి ఖాళీ కనిపిస్తుంది. గుండు మీది గీత మధ్యలోనూ ఉంది. గుండును తీసుకెళ్లక ముందు నేను తీసిన ఫోటోను, పక్కన పెట్టిన స్కేలు ఆధారంగా, స్తంభం మీది గీతలతో పోల్చాను. వెడల్పులో తేడా అర మిల్లీమీటరుకు మించలేదు.

ప్రతి శుక్రవారం గుండును తోమి, కడిగి, రంధ్రంలో వేలు పెట్టి శుభ్రం చేసిందీ ఆమేనని తెలిశాక ఎలా పోయిందని అడిగాను. యాదగిరి చెప్పాడు.

“ఆఖర్ల ఏం తిన్నా చేదు, చేదు అనేది సార్ అమ్మ. కండ్లు పచ్చగైనయ్. కామెర్లన్నరు. మందులకు తగ్గలే.”

పిక్రిక్ ఆమ్లం చాలా చేదు. ఒంట్లోకి పోతే కళ్లూ చర్మమూ పచ్చబడతాయి. అదే ఆమెను చంపిందని నేను అనలేను. దహనం చేశారు, నమూనా లేదు. రుజువు లేని మాట నేను రాయను.

కొత్త పొడితో పాటు తెలిసిన పసుపును కూడా పరీక్షించి పోల్చుకోవాలని కొత్తగా చేరినవాళ్లకు నేనే నేర్పుతాను. ఆ ఒక్క గీతలో రెండూ ఉన్నాయి. నేను చేయవలసిన పరీక్షను ఎవరో నాకంటే పద్ధతిగా చేశారు.

అలవాటు కొద్దీ మా పరీక్షశాల నమూనా కాగితం మీదే దీనికి నివేదిక రాసుకున్నాను. నమూనా, పద్ధతి, ఫలితం, అన్ని గడులూ నింపాను. ‘పరీక్షించినవారు’ అన్న గడి దగ్గర రెండుసార్లు పెన్ను ఆనించాను. అక్కడ రెండు సిరా చుక్కలున్నాయి. పేరు లేదు.